మన బ్యాచ్ కబుర్ల పుస్తకం ఎలా తేవాలి: పదిహేను సంచికల అనుభవం

ప్రతి ఏటా కనుమ వెళ్లిన మర్నాడు నేను ఒక పాత రూళ్ల పుస్తకం తీసి బల్ల మీద పెట్టుకుంటాను. అందులో తొంభై రెండు పేర్లు ఉన్నాయి. 1982లో బాపట్ల వ్యవసాయ కళాశాలలో చేరి, 1986లో పట్టాలు పుచ్చుకుని తలో దిక్కుకు వెళ్లిన మా తరగతి అది. ఆ రోజు మొదలుపెట్టి శ్రీరామనవమి దాకా ఒక్కొక్కరికీ ఫోను చేస్తాను. ఉద్యోగం, ఇల్లు, పొలం, పిల్లలు, ఆరోగ్యం గురించి వారు చెప్పదలచుకున్నంత రాయించుకుని, మే నెలలో చిన్న పుస్తకంగా అచ్చు వేయించి పంపుతాను. చదువు ముగిసి ఇరవై ఐదేళ్లయిన సందర్భంగా 2011లో మొదలైన ఈ పనికి 2025తో పదిహేను సంచికలు పూర్తయ్యాయి.

తిరుపతి, రాజేంద్రనగర్ కళాశాలల్లో చదివిన ఇద్దరు ముగ్గురు ‘మా బ్యాచ్‌కు కూడా ఇలాంటిది తేవాలని ఉంది, ఎలా చేయాలో రాసి ఇవ్వండి’ అని అడిగారు. వారి కోసం, ఇలాంటి ఆలోచన ఉన్న ఇంకెవరి కోసమైనా ఇది రాస్తున్నాను. నేను ముప్పై ఏడేళ్లు ఒక బ్యాంకులో వ్యవసాయాధికారిగా పనిచేశాను. పొలం గట్టు మీద నిలబడి చూడకుండా ఏ రైతు గురించీ నివేదిక రాయకూడదని మొదటి ఏడాదే మా పై అధికారి నేర్పారు. మిత్రుల గురించి రాసేటప్పుడు ఆ నియమం ఇంకా గట్టిగా పాటించాలని నాకు తర్వాత అర్థమైంది.

వాట్సాప్ గ్రూపు ఉండగా పుస్తకం ఎందుకని అడుగుతారు. మా గ్రూపులో రోజూ మాట్లాడేవారు ఇరవై మంది. వారిలో ఎవరికి మనవడు పుట్టినా పది నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. మిగిలిన డెబ్బై మంది ఎలా ఉన్నారన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మాట్లాడని ఆ డెబ్బై మంది కోసమే పుస్తకం. ఈ సంగతి గుర్తుంటే తర్వాత వచ్చే చాలా సందేహాలకు సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

ముందు పట్టిక

ఒక్క ఫోను కూడా చేయకముందే పేర్ల పట్టిక పూర్తి చేయండి. దొరికినవారితో మొదలుపెట్టి మిగతావారిని తర్వాత చూద్దామనుకుంటే, దొరకనివారు దొరకకుండానే మిగిలిపోతారు. నేను మొదట చేసిన పని అదే. 2011 సంచికలో యాభై ఒక్క మందే ఉన్నారు. దాన్ని ‘మా బ్యాచ్’ అని ఎలా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

చివరి సంవత్సరపు గ్రూపు ఫొటో, హాజరు పట్టీల నకళ్లు, హాస్టల్లో ఎవరి పక్క గది ఎవరిదన్న జ్ఞాపకాలు, అన్నీ కలిపితే తప్ప పట్టిక నిండదు. ఒక్కో మనిషికి ఈ వివరాలు రాసుకోండి: రోల్ నంబరు, కళాశాలలో ఉన్నప్పటి పేరు, ఇంటిపేరు, ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు, సొంత ఊరు, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా.

జిల్లా రెండుసార్లు ఎందుకంటే, మేము చదివిన బాపట్ల అప్పుడు గుంటూరు జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు జిల్లాలు ఇరవై ఆరు అయినప్పుడు అదే ఒక జిల్లా కేంద్రమైంది. ప్రకాశం జిల్లా వాళ్లమని చెప్పుకున్న చీరాల మిత్రులు ఇప్పుడు బాపట్ల జిల్లా వారు, కందుకూరు మిత్రురాలు 2022లో నెల్లూరు జిల్లా మనిషి అయింది. మహబూబ్‌నగర్ జిల్లా అని రాసుకున్న గద్వాల మిత్రుడి ఊరు 2016లోనే జోగులాంబ గద్వాల జిల్లాలోకి వెళ్లింది. పాత చిరునామా పట్టుకుని ఉత్తరం రాసినా, ఎవరినైనా వాకబు చేసినా ఈ తేడా దగ్గరే తప్పిపోతాం.

పేర్ల చిక్కు దీనికంటే పెద్దది. మా తరగతిలో పద్నాలుగు మంది ఆడపిల్లలం. పెళ్లి తర్వాత ఎనిమిది మంది ఇంటిపేరు మారింది. అమెరికా వెళ్లినవారిలో కొందరికి ఇంటిపేరు చివరికి పోయి, అసలు పేరులో సగం ఊడిపోయింది. మేము ‘వేంకట’తో మొదలయ్యే పూర్తి పేరుతో పిలిచిన మనిషిని అక్కడ ఇంటిపేరుతో పిలుస్తున్నారు. ఆ పేరుతో వెతికితే తప్ప ఇంటర్నెట్‌లో ఆయన కనిపించడు. ఒకే పేరున్న ఇద్దరు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. పట్టికలో రోల్ నంబరు ముందు పెట్టమన్నది అందుకే. పేర్లు మారతాయి, ఊళ్లు మారతాయి, రోల్ నంబరు మారదు.

తప్పిపోయినవారిని వెతకడం

ఏ చదువు చదివినవారికైనా వారి వృత్తిలోనే వెతికే దారి ఒకటి ఉంటుంది. మాకు ఎరువుల దుకాణాలు ఉన్నాయి. ఒక మండలంలో పనిచేసిన వ్యవసాయాధికారి ఎప్పుడు వచ్చారు, ఏ ఊరికి బదిలీ అయ్యారు, ఏడీఏగా (వ్యవసాయ సహాయ సంచాలకులుగా) పదోన్నతి ఎక్కడ వచ్చింది అన్న సంగతులు ఆ ఊరి ఎరువులు, పురుగుమందుల దుకాణదారుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. అలా దుకాణం నుంచి దుకాణానికి, ఊరి నుంచి ఊరికి అడుగుతూ ఆరుగురిని పట్టుకున్నాను. ఇప్పుడైతే ఆంధ్రలో ప్రతి ఊరి రైతు సేవా కేంద్రంలోనూ ఒక వ్యవసాయ సహాయకుడో సహాయకురాలో ఉంటారు. ‘ఫలానా ఇంటివారి అబ్బాయి, బాపట్లలో ఏజీ బీఎస్సీ చదివారు’ అని చెబితే చాలు, సాయంత్రానికి కబురు తెస్తారు. డాక్టర్ల బ్యాచ్ అయితే మందుల కంపెనీ ప్రతినిధులను అడగండి, ఉపాధ్యాయులైతే సంఘం డైరీలు చూడండి.

స్త్రీల విషయంలో పుట్టింటి ఊరితో మొదలుపెట్టాలి. కందుకూరు మిత్రురాలి కోసం తొమ్మిదేళ్లు వెతికాను. పెళ్లయి కర్ణాటక వెళ్లిందన్నంతవరకే అందరికీ తెలుసు. చివరికి 2019లో ఒక పెళ్లికి ఆ వైపు వెళ్లినప్పుడు, వాళ్ల నాన్నగారు పొగాకు గ్రేడింగ్‌లో మంచి పేరున్నవారని గుర్తొచ్చి, పొగాకు వ్యాపారం చేసే ఒక పెద్దాయనను అడిగాను. ఆయన తన పాత డైరీ తీసి వాళ్ల అన్నయ్య నంబరు చెప్పారు.

ఇక్కడ ఒక నియమం గట్టిగా చెప్పాలి. మనిషి దొరికిన వెంటనే ఆ నంబరును గ్రూపులో పెట్టకండి. ముందు మీరొక్కరే మాట్లాడండి. ‘మిగతావారికి మీ నంబరు ఇవ్వవచ్చా?’ అని అడగండి. దొరకకుండా ఉండాలని కోరుకుని దూరమైనవారు కూడా ఉంటారు. కందుకూరు మిత్రురాలు మొదటి ఏడాది నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. పుస్తకంలో తన పేరు కింద ‘క్షేమంగా ఉంది’ అన్న ఒక్క మాట వేయమంది. అదే వేశాను. మూడో ఏడాది తనే ఒక పేజీ రాసి పంపింది.

ఏమి అడగాలి, ఎలా అడగాలి

మొదటి అయిదు సంచికలకు నేను ఒక ఫారం పంపేదాన్ని. ప్రస్తుత హోదా, పనిచేసే సంస్థ, పొందిన అవార్డులు, జీవిత భాగస్వామి ఉద్యోగం, పిల్లల చదువు, పిల్లలు ఎక్కడ స్థిరపడ్డారు. బ్యాంకులో అలవాటైన పద్ధతిలో గడులు గీసి పంపాను. శాస్త్రవేత్తలు, అధికారులు, విదేశాల్లో ఉన్నవారు నింపి పంపారు. అమలాపురం వైపు మిత్రుడు ఒకరు అయిదేళ్లూ ‘రాయడానికి ఏమీ లేదండీ’ అని ఒకటే జవాబు ఇచ్చారు. ఆయన ఒక విత్తన కంపెనీలో ఉద్యోగం మానేసి సొంత ఊరు వచ్చేశారు. వారికి పిల్లలు లేరు. నా ఫారంలో ఆయన నింపగలిగిన గడి తన పేరు తప్ప ఒక్కటీ లేదు. ఆ సంగతి అయిదేళ్లపాటు నాకు తట్టలేదు.

ఆరో ఏడాది ఫారం పక్కన పెట్టి ఫోను చేసి, ‘ఈ ఏడాది పొలంలో ఏం వేశారు?’ అని అడిగాను. కొబ్బరి తోటలో కోకో అంతరపంట వేసిన సంగతి, ఎండుటాకు తెగులు, కోతుల బెడద, తల్లిని చూసుకుంటూ తెల్లవారుజామున తోటకు వెళ్లిరావడం, అన్నీ ముప్పావుగంట చెప్పారు. ఫోను పెట్టేశాక తనే నాలుగు పేజీలు రాసి పంపారు. ఆ సంచికలో అందరూ చదివింది ఆ పేజీలే. కోకో మొక్కల గురించి ఆయనకు వచ్చిన ఫోన్లు ఆ ఏడాది నాకు కూడా రాలేదు.

అప్పటినుంచి నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఈ ఏడాది మీ ఇంట్లో ఏం మారింది? ఇప్పుడు మీ రోజు ఎలా గడుస్తోంది? చేతిలో ఏ పని ఉంది? మన వాళ్లలో ఎవరినైనా కలిశారా? మనం చదివిన చదువులో ఇప్పటికీ ఏది పనికొస్తోంది? ఈ అయిదింటికి జవాబు లేని మనిషి నాకు ఇంతవరకూ ఎదురుపడలేదు. ‘ఏం సాధించారు?’ అని అడగకండి. ‘పిల్లలు సెటిలయ్యారా?’ అన్నది మన ఇళ్లలో క్షేమ సమాచారంలా అడిగే ప్రశ్నే గానీ, జవాబు చెప్పలేని తల్లిదండ్రులకు అది ఎంత కష్టం కలిగిస్తుందో చాలాసార్లు విన్నాను.

సమయం కూడా చూసుకోవాలి. జూన్, జూలైలలో వ్యవసాయ శాఖవారిని పలకరించకూడదు. విత్తనాల పంపిణీ, ఎరువుల తనిఖీలు, పంటల నమోదు, అన్నీ అప్పుడే మొదలవుతాయి. మార్చిలో బ్యాంకువారికి ఊపిరాడదు. అందుకని బ్యాంకువారిని జనవరి చివరలోనే ముగిస్తాను. టెక్సాస్‌లో ఉన్నవారికి ఫిబ్రవరిలో ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నరకు చేస్తే అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది అవుతుంది. మార్చి రెండో వారంలో వాళ్లు గడియారం మార్చుకుంటారు కాబట్టి అప్పటినుంచి ఒక గంట ముందుగా చేయాలి. గ్రూపులో ‘అందరూ వివరాలు పంపండి’ అని సందేశం పెట్టి ఊరుకుంటే పదిహేను మంది పంపుతారు. ఒక్కొక్కరికీ విడిగా ఫోను చేస్తే డెబ్బై మంది చెబుతారు. దీనికి దగ్గరదారి లేదు.

రాసే తీరు

వరుస రోల్ నంబరు ప్రకారమే ఉండాలి. హోదా ప్రకారం వేస్తే మొదటి పేజీలో వైస్ చాన్సలర్లు, చివరి పేజీలో చిన్న ఉద్యోగులు వచ్చి కూర్చుంటారు. మా తరగతిలో పెద్ద పదవి చేసిన ఒకరు, ‘నా పేరు మధ్యలో ఎక్కడో ఉంది, ముందుకు వేస్తే బాగుంటుంది కదా’ అని ఒకసారి అడిగారు. ఆయన నంబరు నలభై మూడు. నలభై మూడో చోటే వేశాను. ఆయన కోపం ఏడాదిలో పోయింది.

అందరికీ సమానంగా అర పేజీ. ఎక్కువ రాసి పంపినవారిది కుదించండి, తక్కువ చెప్పినవారిని ఇంకో రెండు ప్రశ్నలు అడిగి పెంచండి. అమలాపురం మిత్రుడి నాలుగు పేజీలు మొత్తం వేయడం ఆ నియమానికి విరుద్ధమే. అయిదేళ్ల బాకీ కాబట్టి వేశానని ముందుమాటలో రాశాను.

పేరుకు ‘గారు’ పెట్టాలా వద్దా అన్నది మాకు పెద్ద చర్చే అయింది. మగవాళ్లు ఒకరినొకరు ఇప్పటికీ ‘ఒరేయ్’ అనే పిలుచుకుంటారు. మేము ఆడవాళ్లం ఆ రోజుల్లో మగపిల్లలతో మాట్లాడిందే తక్కువ, మాట్లాడితే ‘మీరు’ అనేవాళ్లం. చివరికి అందరికీ పేరు మాత్రమే రాసి, క్రియ గౌరవంగా పెట్టాం: ‘చేశారు, ఉన్నారు, వచ్చారు’. ఆడవారికీ మగవారికీ ఒకటే. మీ బ్యాచ్‌లో ఏది నప్పుతుందో చూసుకుని, ఒకటి ఖాయం చేసుకుని చివరిదాకా అదే పాటించండి.

ఇక వాక్యం. ‘వ్యవసాయ శాఖలో ఉన్నత స్థానంలో ఉన్నారు, పిల్లలిద్దరూ బాగా స్థిరపడ్డారు’ అని రాస్తే చదివేవారికి ఏమీ తెలియదు. అది ఎవరి గురించైనా రాయవచ్చు. అదే మనిషి గురించి ఇప్పుడు ఇలా రాస్తాను: ‘పల్నాడులో ఏడీఏగా పనిచేస్తున్నారు. మిరపలో నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది రోజూ తెల్లవారే సరికి ఏదో ఒక పొలంలో ఉన్నానని చెప్పారు. మోకాలి నొప్పి వల్ల మోటారు సైకిల్ మానేశారు. సాంబ మసూరి అన్నమే తింటున్నారు.’ ఆ చివరి వాక్యం మా బ్యాచ్‌వారికి మాత్రమే పూర్తిగా అర్థమవుతుంది. బీపీటీ 5204 అనే ఆ వంగడం బాపట్లలోనే పుట్టి, మేము పట్టాలు పుచ్చుకున్న 1986లోనే విడుదలైంది. మేమూ అదీ ఒకే ఏడాది బయటికి వచ్చామని అనుకుంటాం. మీ బ్యాచ్‌కు కూడా ఇలాంటిది ఒకటి ఉంటుంది. వెతికి పట్టుకోండి.

పదవీ విరమణ వివరాలు రాసేటప్పుడు లెక్క చూసుకోండి. 1964 జూన్‌లో పుట్టిన ముగ్గురం ఉన్నాం. బ్యాంకులో అరవై ఏళ్లకే కాబట్టి నేను 2024 జూన్‌లో దిగిపోయాను. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగి అయిన మిత్రుడికి 2021లో వయసు అరవై ఒకటికి పెరిగింది, ఆయన 2025 జూన్‌లో విరమించారు. ఆంధ్రలో 2022 నుంచి అరవై రెండు అయింది కాబట్టి మూడో వ్యక్తికి విరమణ 2026 జూన్‌లో. ఒకే తరగతి, ఒకే నెల, మూడు తేదీలు. ‘ఈ ఏడాది మన వాళ్లందరూ రిటైరయ్యారు’ అని నేను ముందుమాటలో తొందరపడి రాసి ఉంటే మూడో మిత్రుడికి ఆఫీసులో ఎన్ని ప్రశ్నలు ఎదురయ్యేవో.

విశ్వవిద్యాలయం పేరు కూడా ఇంతే. మా పట్టా మీద ఉన్నది ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. 1996లో అది ఆచార్య ఎన్.జి. రంగా పేరు మీదకు మారింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు ప్రొఫెసర్ జయశంకర్ పేరుతో వేరే విశ్వవిద్యాలయం వచ్చింది. రాజేంద్రనగర్‌లో ఒకే గదిలో కూర్చుని పనిచేసిన ఇద్దరు మిత్రులు ఇప్పుడు ఒకరు గుంటూరు దగ్గర లాంలో, ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు. ఏ సంవత్సరపు సంగతి రాస్తున్నామో ఆ సంవత్సరపు పేరు రాస్తే తగాదా ఉండదు.

ఇంటి సంగతులు

ఇక్కడే నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. 2014 సంచికలో ఒక మిత్రుడి కూతురికి పెళ్లి కుదిరిందని వేశాను. ఆయన చెప్పలేదు, ఇంకో మిత్రుడు చెప్పాడు. సంతోషకరమైన వార్తే కదా అని ఆయనను అడగకుండా వేసేశాను. పుస్తకం అందరి ఇళ్లకూ చేరేసరికి ఆ సంబంధం తప్పిపోయింది. ఆ తర్వాత ఏడాదంతా ఆ ఇంటికి ‘పెళ్లి ఎప్పుడు?’ అని ఫోన్లు వెళ్లాయి. ఆ అమ్మాయి నాకు స్వయంగా ఫోను చేసి, ‘ఆంటీ, నా గురించి నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది’ అంది. ఎంత మెల్లగా అందో, అంత గట్టిగా తగిలింది. వెళ్లి వారింట్లో కూర్చుని క్షమాపణ చెప్పి వచ్చాను.

అప్పుడు పెట్టుకున్న నియమాలు ఇప్పటికీ మార్చలేదు. ఎవరి వార్త వారే చెప్పాలి, ఇంకొకరి నోటి మాట చెల్లదు. పెళ్లిళ్లు జరిగాకే వేస్తాను, కుదిరినవి వేయను. పెద్దవాళ్లయిన పిల్లల గురించి వేయాలంటే ఆ పిల్లల ఒప్పుదల కూడా తల్లిదండ్రుల చేత అడిగించుకుంటాను. పిల్లల కంపెనీ పేరు, జీతం, వీసా సంగతి, పుట్టిన తేదీ అసలే వేయను. ఒక ఏడాది పుస్తకం ఎవరి చేతుల్లోంచో పెళ్లి సంబంధాలు చూసే ఒకరికి చేరి, పది పన్నెండు ఇళ్లకు సంబంధాల ఫోన్లు వచ్చాయి. ఫోను నంబర్లు, చిరునామాలు ఇప్పుడు పుస్తకంలో ఉండవు. విడి కాగితం మీద వేసి, ఇష్టపడినవారివి మాత్రమే, మా వాళ్లకే పంపుతాను.

విడాకులు, ఉద్యోగం పోవడం, అప్పుల వల్ల పొలం అమ్ముకోవడం వంటివి వారు చెబితేనే, వారు చెప్పిన మాటల్లోనే వేయాలి. కారణాలు అడగకూడదు. ‘మేమిద్దరం వేరుగా ఉంటున్నాం, ఇద్దరం క్షేమం’ అని ఒకరు చెప్పారు. అక్షరం మార్చకుండా అదే వేశాను. రాయవద్దని చెప్పి మనసు దించుకునేవారు చాలామంది ఉంటారు. ఆ మాటలు రూళ్ల పుస్తకంలో కూడా రాసుకోకండి. అచ్చుకు ఇచ్చే ముందు ప్రతి ఒక్కరికీ వారి అర పేజీని ఫోనుకు పంపి, ‘ఇది వేయవచ్చా?’ అని అడిగి, ‘సరే’ అన్న జవాబు వచ్చాకే ముందుకు వెళ్తాను. దీనికి మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలు మిగుల్చుకోవాలని ప్రయత్నించకండి.

వెళ్లిపోయినవారు

తొమ్మిది మంది లేరు. నలుగురిని 2021 మే నెలలోనే కోల్పోయాం. ఆ నెల గ్రూపులో ఎవరి పేరు కనబడినా గుండె జారిపోయేది. ఒక రోజు బతికి ఉన్న మనిషికి శ్రద్ధాంజలి సందేశాలు వచ్చాయి. అదే పేరున్న వేరే ఊరి మనిషి పోతే, విన్నవారు మా మిత్రుడే అనుకున్నారు. ఆయన అప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నారు, ఆయన భార్య అవి చూశారు. మరణవార్తను ఇద్దరి ద్వారా, అందులో ఒకరు ఇంటివారై ఉండి, నిర్ధారించుకోనిదే రాయకండి, పంపకండి.

వారి పేర్లను వెనక నల్ల గీత పేజీలోకి తీసేయవద్దు. రోల్ నంబరు ప్రకారం వారి చోటు వారిదే. మొదటి ఏడాది మిత్రులు ఇద్దరు ముగ్గురి చేత ఒక్కో జ్ఞాపకం రాయిస్తాను. ‘మంచివాడు, స్నేహశీలి’ అని రాసి ఇస్తే తిప్పి పంపుతాను. సూర్యలంక తీరానికి సైకిల్ మీద ఎవరిని ఎక్కించుకుని వెళ్లాడు, పరీక్ష ముందురాత్రి ఎవరికి నేలల శాస్త్రం చెప్పాడు, ఏ పాట పాడేవాడు, అవి కావాలి.

ఇంటివారికి ఫోను చేయడానికి నెల రోజులైనా ఆగండి. చేసినప్పుడు ముందు మీరెవరో చెప్పండి. ‘వదినగారూ, నేను ఆయనతో బాపట్లలో చదువుకున్నాను’ అంటే చాలు, మిగతాది వారే మాట్లాడతారు. చాలామందికి భర్త విద్యార్థి రోజులు తెలియవు, తెలుసుకోవాలని ఉంటుంది. ఆ ఫోన్లలో నేను చెప్పిందే ఎక్కువ. వారి ఇళ్లకు పుస్తకం ప్రతి ఏటా వెళ్తుంది. 2023లో అలాంటి ఒక వదినగారు, ‘ఆయన నంబరు కింద ఈసారి నేను రాయవచ్చా?’ అని అడిగారు. ఆ ఏడాది అరవై ఏడో నంబరు కింద ఆవిడ కుట్టు మిషను పని, కొడుకు చేతికి అందిరావడం, ఆయన నాటిన సపోటా చెట్టు కాపుకు రావడం అచ్చయ్యాయి. ఇప్పుడు అయిదు ఇళ్ల నుంచి అలా వస్తున్నాయి.

అచ్చు

ఇది త్వరగా చెబుతాను. ఫోనులో, కంప్యూటర్‌లో మనం కొట్టే తెలుగు యూనికోడ్. మా ఊరి ప్రెస్సులో పేజీలు కట్టేది ‘అను’ అనే వేరే రకం ఫాంట్లలో. ఒకదాన్నుంచి ఒకదానికి మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. అందుకని మార్చిన తర్వాత ప్రూఫు ఒకసారి, పేజీ కట్టాక మరోసారి చదవాలి. పేర్లను మాత్రం వెనక నుంచి ముందుకు చదవండి, తప్పు దాక్కోలేదు. తేదీలో నెలను అంకెతో వేయకండి. అమెరికా మిత్రుడు నెల ముందు రాసి పంపిన 4/7ను జూలై 4గా వేసి, ఏప్రిల్‌లో పుట్టిన మనవరాలిని మూడు నెలలు చిన్నదాన్ని చేశాను. అచ్చులో ఒక ఫారానికి (ఒకేసారి అచ్చయ్యే పెద్ద కాగితానికి) పదహారు పేజీలు కాబట్టి మొత్తం నలభై ఎనిమిదో అరవై నాలుగో వచ్చేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. అక్షరం పద్నాలుగు పాయింట్లకు తగ్గకూడదు, చదివేవారందరికీ అరవై దాటుతున్నాయి. ఖర్చు అందరూ సమానంగా పంచుకోవాలి. ఒక మిత్రుడు మొత్తం తానే భరిస్తానన్నారు, వద్దన్నాను. ఇవ్వలేనివారు ఎవరన్నది నాకు ఒక్కదానికే తెలుసు, వారి వాటా మాట ఎక్కడా రాదు.

రూళ్ల పుస్తకంలో ఆచూకీ దొరకనివారి వరుసలు ఇంకా నాలుగు ఖాళీగా ఉన్నాయి. వాటిలో ఒకటి పదకొండో నంబరు. పెదనందిపాడు దగ్గర పల్లెటూరు. చదువు పూర్తయ్యాక ఆయనను చూసినవారు మాలో ఎవరూ లేరు. కిందటి నెల ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు ఫోను చేసి, వారి ఇల్లు అమ్మేశారు గానీ పిన్నిగారు ఒకరు ఇంకా అదే వీధిలో ఉన్నారని, ఉదయం పూట అయితే మాట్లాడగలరని చెప్పింది. ఈ కనుమ మర్నాడు ఫోన్లు మొదలుపెట్టే ముందు అక్కడికి వెళ్లి వస్తాను. తెనాలి నుంచి గుంటూరు వెళ్లి బస్సు మారాలి. గ్రూపు ఫొటో నకలు, అందులో ఆయన ముఖం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, సంచిలో పెట్టుకున్నాను.